దొరను కాదనేవాడు

ఎవురు చెప్పినారు నీకు, మీ అబ్బను సున్నా సిద్ధయ్య అంటారని? మంగఫ్‌లో మీ రూములోనే ఎవురో అనుంటారు, ఆడ మనూరోళ్ళు తక్కువుండారా. నవ్వినారా? నవ్వుతారులే. నవ్వేదానికేం పోయె. కూచో వెంకటేషూ, అట్ల గడపలో నిలబడుకోని అడిగే సంగతి గాదది. దివానియాకు మనుషులొచ్చేది పొద్దు మునిగినంక. మన పల్లెల్లో రచ్చకట్ట ఎట్లనో ఈ కువైటోళ్ళకు దివానియా అట్ల, ఈ అర్దియాలో ఇంటికొకటి ఉంటాది. నేను తల నల్లగా ఉన్నప్పుడొచ్చినా ఈ ఇంటికి, టీలు పోసి పోసి తల ఇట్లయిపాయె. నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న్య కఫీల్ పాయె, ఇప్పుడు ఆయన కొడుకు కూచుంటాండాడు, టీ పోసేవాడు మాత్రం ఈ తిమ్మయ్యే. సరే, ఏమడిగితివి? ఆ, మీ అబ్బ, మీ నాయన్ను కన్నోడు. మీ అబ్బ సంగతి చెప్పాలంటే ముందు దొర సంగతి చెప్పల్ల. దొర సంగతి చెప్తే నాకు రాత్రికి కూడు దిగదు. అయినా అడిగితివి కదా, ఇను.

మన గంగరాళ్ళపాళెం దొర. పేరు రంగనాయకులు. నువ్వు అమ్మ చంకలో ఉన్నప్పుడే ఈ కువైటుకొచ్చేసినాడు, నువ్వు చూసిండవు. పాళెగాళ్ళ వంశం వాళ్ళది. ముత్తాతలు గుర్రాలెక్కి చుట్టుపక్కల ఊర్లన్నీ ఏలినారంట. తెల్లోళ్ళొచ్చి కోట పగలగొట్టి, ఫిరంగులు ఎత్తుకోనిపోయి, బతకమని నాలుగు చెక్కల ఇనాము భూమి పారేసి పోయినారంట. నాకు బుద్ధి తెలిసేతలికి కోటంటే ఒక మొండిగోడ, దాని నిండా రేగికంపలు. దసరాకు పూజ చేసేదానికి ఒక తుప్పు పట్టిన కత్తి. పేరు గొప్ప ఊరు దిబ్బ. అయినా చింత చచ్చినా పులుపు చావలా. దొర వాళ్ళ నాయన, పెద్దదొర, ఇంటి ముందర పోతే చెప్పులు చేతికి తీసుకోవల్ల. సైకిల్ దిగి తోసుకోని పోవల్ల. దొర తలకాయ కంటే మన తలకాయ ఎత్తులో ఉండకూడదు, అది కట్టడి. మనూర్లో చింతతోపు ఉండాది చూడు, కాయలు దులిపేటప్పుడు కొమ్మల మీద ఉంటారు కదా మనుషులు, పెద్దదొర ఆ దోవన వస్తాండాడంటే అందరూ సరసరా దిగి నేలమీద వంగి నిలబడల్ల. ఒకతూరి మా చిన్నాయన దిగే తొందర్లో జారిపడి కాలిరగ్గొట్టుకున్న్యాడు. పెద్దదొర ఏమీ అన్లే, చూడను కూడా చూడలే, పొయ్యినాడు. రంగనాయకులు చిన్నపిల్లోడు, నాయన ఎనకాల నడుస్తాండాడు. వాడు ఆగిపాయె. మా చిన్నాయన కాలు పట్టుకోని చూస్తాంటే మా చిన్నాయన ఏమన్న్యాడో తెల్సా? "నొప్పి ల్యాదు చిన్నదొరా, తమరు పోండి" అన్న్యాడు. ఎముక బయటికొచ్చి అగుపడతాంటే నొప్పి ల్యాదంట. దొర ఆ మాట చచ్చేదాకా మర్చిపోలే. నాతో ఎన్ని తూర్లు చెప్పినాడో.

మీసాలు మొలిచేతలికి దొర ఇంట్లో చెప్పకుండా పోయి మిలిటరీలో చేరిపాయె. పెద్దదొర తలబాదుకున్న్యాడు. మా వంశంలో దండం పెట్టించుకున్నోళ్ళే గానీ ఇంకొకనికి సెల్యూట్ కొట్టినోడు లేడని ఊరంతా తిరిగి ఏడ్చినాడు. దొరకేమో ఆడ సొర్గమే. బ్యారక్కులో అరవోళ్ళు, మలయాళపోళ్ళు, కన్నడమోళ్ళు, ఎవురికీ తెలీదు ఈయప్ప దొరని. "ఏయ్ రంగా, నీ బొచ్చె జరుపు" అంటారంట. ఆ మాట చెప్పేటప్పుడు దొర మొగం చూడాల్సింది నువ్వు, పెండ్లికొడుకు మొగం. చేరిన కొత్తల్లో పరేడుకు లేటుగా పోతే హవల్దారు అరిచినాడంట, "క్యా, తూ రాజా కా బేటా హై?" అని, ఏంరా రాజు కొడుకువా అని. దొర అమాయకంగా "అవును సాబ్" అన్న్యాడంట. అబద్ధం చెప్పలే కదా పాపం. దానికి తుపాకి నెత్తిన పెట్టుకోని పొద్దుగుంకేదాకా గ్రౌండు చుట్టూ పరిగెత్తించినారు. అంతా అయినంక ఒక మలయాళపోడు కాళ్ళకు నూనె రాసి, "ఇంకెప్పుడూ నిజం చెప్పొద్దురా గాడిదా" అని తిట్టినాడంట. వాడే ఇంకొకతూరి లద్దాఖులో, కొండ మీంచి మంచుపెళ్ళ జారతాంటే దొర కాలరు పట్టుకోని బరబరా ఈడ్చి పక్కకు పారేసినాడు. దొర అంటాండె, "వాడు మనూరోడై ఉంటే తిమ్మా, దొరా కొంచెం పక్కకు జరగండి అని చేతులు కట్టుకోని అడిగేవాడు. అంతలోకి నేను మంచు కిందుండేవాణ్ణి." అని నవ్వుతాండె. నేనూ నవ్వినా. అప్పుడు నవ్వినాములే.

పెద్దదొర పొయినంక పెన్షన్ తీసుకోని ఊరికొచ్చినాడు. పెండ్లి చేసుకున్న్యాడు గానీ ఆయమ్మ తొందరగానే పాయె, పిల్లల్లేరు. ఊరికొచ్చినోడు గమ్మునుండొచ్చు కదా. ఉండలే. సర్పంచు ఎలక్షనొచ్చింది. ఊరి పెద్దలంతా పోయి, "తమరుండగా ఇంకెవురు దొరా, ఏకగ్రీవం" అన్న్యారు. దొర కుదరదన్న్యాడు. ఎదురు మనిషి లేకుంటే అది ఎలక్షనెట్లవుతాది, నేనెవునితో పోటీ చేసి గెలిచినట్టు, ఎవురన్నా నిలబడండి అన్న్యాడు. ఎవురు నిలబడతారు? అందరూ తలకాయలు దించుకున్న్యారు. అప్పుడు మీ అబ్బ సిద్ధయ్య గొర్లు తోలుకోని ఆ దోవన పోతాండాడు, పాపం, ఆ పొద్దు ఏ పిల్లి ఎదురొచ్చిందో. దొర పిలిచి, "సిద్ధయ్యా, నువ్వు నామీద నిలబడల్ల" అన్న్యాడు. మీ అబ్బ నిలబడినాడు. ఎందుకు నిలబడినాడు? దొర చెప్పినాడు కాబట్టి. చూస్తివా, ఆడనే పాయె సంగతంతా. మీ అబ్బకు ఎలక్షన్ గుర్తు కత్తెర ఇచ్చినారు, గొర్లోనికి సరిపాయె అని ఊరంతా నవ్వులు. దొర ఇంటింటికీ తిరిగి ఏమంటాండె? "మీకు నేను నచ్చకుంటే సిద్ధయ్యకు ఏయండి, గుడిసెలో ఉండేవానికి గుడిసె కష్టం తెలుస్తాది" అంటాండె. జనమంతా తలకాయ ఊపేది. మీ జేజి సుబ్బరత్నమ్మ అయితే వాకిట్లో నీళ్ళు చల్లి, దొర పాదాలకు మొక్కి, "తమరు గెలవల్ల దొరా" అనింది. సొంత మొగుని మీద పోటీ చేసేవాణ్ణి పట్టుకోని.

ఓట్లు లెక్కబెట్టినారు. కత్తెరకు ఒకటి కూడా ల్యా. రాయచోటి నుంచి వచ్చిన ఆఫీసరు తిక్కబట్టినట్ల చూసి, "ఏమయ్యా, నీ ఓటు నువ్వు కూడా ఏసుకోలేదా?" అని అడిగినాడు. మీ అబ్బ చేతులు కట్టుకోని, "దొర నిలబడుంటే నా ఓటు నాకెట్ల ఏసుకుంటా సామీ, తప్పు కాదా" అన్న్యాడు. అదీ సున్నా సిద్ధయ్య కథ. మీ అబ్బ ఒక్కడే చేసిండేది కాదది. ఆ పెట్టెలో మీ అబ్బ ఓటుంటే సిద్ధయ్య అయ్యేవాడు, ల్యాదు కాబట్టి సున్నా అయినాడు. కానీ ఎగతాళి చేసే ఆ నా కొడుకులుండారే, వాళ్ళ తాతలందరూ దొరకే కదా ఏసింది, వాళ్ళేం పొడిచినారని. ఆ సాయంత్రం ఊర్లో పలకలు, దండలు. దొర ఎవుర్నీ లోపలికి రానీలే. నేను పోయి చూస్తే మొండిగోడకానుకోని కూచోనుండాడు. "తిమ్మా, నన్నెవురూ గెలిపించలేదురా, నన్నెవురూ చూడను కూడా చూడలేదు" అన్న్యాడు. గెలిచి ఏడ్చినోణ్ణి నేను ఆయప్పనే చూసినా.

సర్పంచయినంక ఇంకా అన్యాయం. నీళ్ళ కరువు, ఊరికి బోరెయ్యల్ల. దొర మంచిమనసుతో బోడిగుట్ట దగ్గరేద్దాం, గొల్లోళ్ళ ఇండ్లకు, హరిజనవాడకు దగ్గరగా ఉంటాది అన్న్యాడు. ఊరందర్నీ కూచోబెట్టి, "ఎవురికన్నా అభ్యంతరముంటే చెప్పండి" అని ఒకటికి నాలుగుతూర్లు అడిగినాడు. ఒక్కడు నోరు తెరవలే. మిషనొచ్చింది, రెండ్రోజులు గర్రుమనింది, దుమ్ము తప్ప చుక్క నీళ్ళు రాలే. ఊరికని వచ్చిన డబ్బంతా ఆ బొక్కలోకి పాయె. ఆ ఎండాకాలం ఆడోళ్ళు బిందెలు నెత్తిన పెట్టుకోని మైళ్ళు నడిచినారు. ఒకపొద్దు దోవలో పెద్దక్క అని ముసలామె, మీ గొల్లోళ్ళ వీధిలోనే ఉండె, బిందె దించుకోని నిలబడుంటే దొర పోయి, "అవ్వా, ఈ కష్టం నావల్లనే" అన్న్యాడంట. ఆమె ఏమనిందో ఇను. "ఆ గుట్ట కింద నీళ్ళుండవని మా అవ్వల కాలం నుంచీ తెలుసు దొరా." దొర, "మరి ఆ పొద్దు అడిగితినే, ఎందుకు చెప్పలేదు?" అన్న్యాడు. "తమరు చెప్పినంక మేం చెప్పేదేముంటాది" అనింది. ఊరంతటికీ తెలుసురా వెంకటేషూ! గొర్లకు కూడా తెలుసు ఆడ నీళ్ళు రావని, ఆ పక్కన అవి గడ్డి కూడా కొరకవు. ఊరు ఎండి చచ్చిందే గానీ దొరను కాదనలే.

ఇంకో రెండెలక్షన్లు ఉన్న్యాడు. ఆమీట రోడ్ల కంట్రాక్టరు ఒకడొచ్చినాడు, పేరెందుకులే, ఇప్పటికీ వాని మనుషులుండారు ఊర్లో. వాడు దుడ్డు, మనుషులు ఉన్నోడు, దొర మీద నిలబడి గెలిచినాడు. దొర ఓడిపోయినాడని నేను బాధపడతా ఇక్కణ్ణించి ఫోన్ చేస్తే, "ఒరే తిమ్మా, నన్ను ఓడించినార్రా, మనూరికి నోరొచ్చింది" అని సంబరం. ఎన్ని దినాలుండాది ఆ సంబరం? నెల తిరక్కముందే తెలిసిపాయె. కంట్రాక్టరు జీపొస్తే జనం సైకిళ్ళు దిగుతాండారంట. పల్లకీలో కూచునేవాడు మారినాడే గానీ మోసేవాళ్ళ భుజాలు మారలేదు. అది తెలిసినంక నేను మళ్ళా ఫోన్ చేస్తే దొర గొంతు చానా మారిపాయె. "నాక్కూడా ఆడ ఒక వీసా చూడు తిమ్మా, డ్రైవింగొచ్చు నాకు, మిలిటరీ లారీ తోలినోణ్ణి" అన్న్యాడు.  దొర వచ్చి ఈడ ఒకరింట్లో కారు తోలేదా అన్న్యా. "తోలితే ఏమయితాది? ఆడ నన్నెవురూ ఎరగరు కదా" అన్న్యాడు.

వచ్చినాడు. ఈ అర్దియాలోనే, మన వీధికి రెండు వీధులవతల ఇంట్లో డ్రైవరు. నిజం చెప్తాండా, ఆ కొన్నేండ్లు దొర మనిషిలెక్క బతికినాడు. వాళ్ళ మామాకు, అదే ఆ ఇంటి యజమానురాలికి, నోరు పెద్దది. స్కూలుకు లేటయితే తిట్టేది, కారు కడగకపోతే తిట్టేది. మొదటి నెలలో ఒక సాయంత్రం నా దగ్గరికి ఉరుక్కుంటా వచ్చి, "తిమ్మా, ఆయమ్మ నన్ను హుమార్ అనిందిరా, గాడిద అని అర్థమంట" అని, పిల్లోడు బడిలో వచ్చిన మార్కులు చెప్పినట్ల సంబరంగా చెప్పినాడు. ఈడ నేర్చుకున్న్య మొదటి మాట "లా" అంట. లా అంటే వద్దు, కాదు అని నీకూ తెలుసు కదా. దొర హవల్లీ మీదుగా పోదామంటాడు, మామా లా అంటాది. ఈయప్ప ఆ దోవన ట్రాఫిక్కంటాడు, ఆమె లా లా అంటాది. ఇద్దరూ కారులో అరుచుకుంటా పోయేవాళ్ళు. "ఆడమనిషి, చదువులేనిది, నా మొగమ్మీదనే లా అంటాది తిమ్మా. ఆ ఒక్క మాట మనూర్లో ఒక్కడన్నా అనింటే బోడిగుట్టన బోరేసిండను" అనేవాడు. జీతం చాలదు, మోకాళ్ళు నొప్పులు, ఎండకు కండ్లు మండేవి. అయినా మొగంలో కళ ఉండె.

దొరకు మళ్ళా శనిపట్టింది మనూరోళ్ళు రావడంతోనే. మీ నాయన నాగేంద్రప్రసాద్ వచ్చె, ఇంకా కొంతమంది వచ్చిరి, మంగఫ్‌లో కంపెనీ రూము. శుక్రవారం దొర ప్రేమగా చూసేదానికి పోతే అందరూ లేచి నిలబడేది. కూచోండ్రా అంటే నేలమీద కూచునేది. అంతలో దొర పని చేసే ఇంటి కఫీల్ సచ్చిపోయె, ఆయన పిల్లోళ్ళు ఇల్లమ్ముకున్న్యారు, దొర పని పాయె. ఇఖామా, అదే ఈడ ఉండేదానికిచ్చే కాగితం, మార్చేదానికి ఇంకో కఫీల్ దొరకలే, ఆ వయసోనికి ఎవురిస్తారు? కాగితం గడువు దాటిపాయె. నా దగ్గర పెట్టుకుందామంటే ఈ ఇంట్లో పరాయి మనిషిని ఉండనియ్యరు. మీ నాయనోళ్ళే తీసుకోనిపోయి రూములో పెట్టుకున్న్యారు. మంచోళ్ళురా వాళ్ళు, కడుపుకింత పెట్టినారు, మాట కాదన్లే. మాట కాదన్లే, అదే వచ్చింది తంటా.

మీ రూములో మంచాలెట్లుంటాయి, ఒకదాని మీదొకటి కదా. దొరకు కింద మంచమిచ్చినారు. ఆ మీద మంచంలో పండుకునేదానికి ఒక్కడెక్కలే. దొర తలకాయ మీద మన కాళ్ళా అన్న్యారు. దాంతో ఊరుకోలే, దొరకు సమానంగా కూడా పండుకోకూడదని మిగతా మంచాలన్నీ ఖాళీ పెట్టి అందరూ కింద సిమెంటు మీద పండుకుంటాండిరి. కువైటుకొచ్చి మంచాలుండంగా నేలన. తెల్లారితే కంపెనీ బస్సు, దినమంతా ఇనుము మోసే పని, నడుములు పట్టకపోతే ఏమవుతాయి. దొర తిట్టినాడు, బతిమాలినాడు, అలిగి అన్నం మానేసినాడు. వాళ్ళూ అన్నం మానేసినారు. ఇంకేం చేస్తాడు, తానే పై మంచానికెక్కినాడు. ఆ మోకాళ్ళతో, ఆ వయసులో, ఇనుపమెట్లు పట్టుకోని. తాను పైనుంటే వాళ్ళు కింద మంచాల్లో పండుకుంటారని. పండుకున్న్యారు కూడా, నిమ్మళంగా. దొర ఎత్తులో ఉండాడు కదా, ఇంక తప్పుల్యా.

ఒక శుక్రవారం మధ్యాహ్నం. నాకు ఈడ పెద్ద భోజనం, చుట్టాలందరూ వచ్చినారు, తాంబాళాలు మోస్తాండా. ఫోనొచ్చింది, నూర్ మహమ్మద్ నించి. వాడు పెషావరోడు, పక్కరూములో ఉండే టాక్సీ డ్రైవరు. "తిమ్మా భాయ్, మీ ముసలాయన పోతాండాడు, మీవాళ్ళు చూస్తా నిలబడుండారు, రా" అన్న్యాడు. నేను ఏప్రాన్‌తోనే పరిగెత్తినా. పొయ్యేతలికి అంబులెన్సు కింద నిలబడుండాది, పిలిచింది నూర్ మహమ్మదే. పైన రూములో దొర ఆ పై మంచం మీదనే ఉండాడు. ఖలాస్.

మనూరోళ్ళంతా గోడ పొడుగునా నిలబడుండారు. చేతులు కట్టుకోని. ఒక్కడు కూచోలే. నూర్ మహమ్మద్ ఒకడే గొల్లుగొల్లున ఏడుస్తాండాడు, వానికీ దొరకూ ఏం సంబంధం చెప్పు. వాడే చెప్పినాడు. నొప్పొచ్చి దొర గుండె పట్టుకున్న్యాడంట, చెమటలు కారిపోతాండాయంట. ఆసుపత్రికి వద్దు, నాకు ఇఖామా లేదు, పోలీసులొస్తే ఈ పిల్లోళ్ళందరికీ కష్టమన్న్యాడంట. వద్దన్న్యాడు కాబట్టి ఎవురూ ఫోన్ చెయ్యలే. దించుదామని నూర్ మహమ్మద్ మెట్లెక్కబోతే మనోళ్ళు పట్టుకోని ఆపినారంట, దొర ఒప్పుకోకుండా ముట్టుకోకూడదని. వాడు తిట్టి, తన్నులాడి, బయటికొచ్చి ఫోన్ చేసి మళ్ళా లోపలికి పోయేతలికి దొర పైనుంచి చెయ్యి చాపి మనోళ్ళతో ఏదో అడుగుతాండాడంట. కండ్లెమ్మటి నీళ్ళంట. మనోళ్ళంతా ఒకేతూరి ఏదో అన్న్యారంట. "ఏమడిగినాడు భాయ్ ఆయన? దేవుణ్ణి అడిగినట్ల అడిగినాడు" అని నన్ను పట్టుకోని ఊపుతాండాడు. వానికి తెలుగు రాదు కదా.

నేను మీ నాయన దగ్గరికి పోయినా. ఏమడిగినాడ్రా అన్న్యా.  గడ్డం పట్టుకోని మొగం పైకెత్తి, చెప్పురా నాగేంద్రా, ఏమడిగినాడు అన్న్యా. అప్పుడు చెప్పినాడు. "ఒక్కడన్నా నన్ను కాదనండ్రా, అన్న్యాడు తిమ్మన్నా."

దానికి మీరేమంటిరి అన్న్యా.

"అట్లే దొరా, అన్న్యాము."

...

ఈ ఇంటి మామా లేచినట్టుండాది, పిలుస్తాంది. నువ్వు టీ తాగి పో, చల్లారితే బాగుండదు.